తారాజువ్వకు గురి కుదిరిన వైనము

దీపావళినాడు తారాజువ్వ వెలిగించిన వారందరికిని ఒక సంగతి అనుభవముననే తెలియును. సీసాలో నిలిపి, వత్తికి నిప్పంటించి, ఆకాశము వంక చూచుచుండగా అది ఒకమారు నిట్టనిలువుగా పోవును. ఒకమారు పొరుగింటి పెంకుల మీదికి పోవును. ఒక్కొక్కమారు ముట్టించినవాని మీదికే మరలివచ్చును. ఇంత చంచలమైన వస్తువును ఎగురుచున్న యంత్రమునుండి విడిచి, మూడు నాలుగు కిలోమీటర్ల దూరముననున్న ఒక బండిని గురి తప్పక కొట్టవలెననిన ఎంత కష్టమో ఊహింపవచ్చును. అది నేడు సాధ్యమైనది. హెలికాప్టరునుండి వెలువడిన 70 మిల్లీమీటర్ల చిన్న రాకెట్టు, కంటికి కానరాని ఒక కాంతి చుక్కను వెదకికొని పోయి, దాని చుట్టును అరమీటరు లోపలనే పడుచున్నది. ఈ నేర్పు రాకెట్టునకు అబ్బుటకు రెండు శతాబ్దములు పట్టినది. ఆ కథ శ్రోతలకు వినిపించుట నేటి ప్రసంగోద్దేశము.

మొదట, గురి లేని రాకెట్టును సైన్యములు ఏల విడువలేదో తెలిసికొనవలెను. ఫిరంగి గుండునకు వేగమంతయు గొట్టము లోపలనే కలుగును. ఆ వేగమునకు సరిపడు ఎదురు తాకిడిని ఫిరంగియు, దానిని మోయు బండియు భరింపవలెను. కావుననే ఫిరంగికి బరువు తప్పదు. రాకెట్టునకు ఈ బాధ లేదు. మందు దానియందే కాలును. ఎదురు తాకిడి వెనుకకు పోవు పొగలోనే ముగియును. దానిని విడుచుటకు పలుచని గొట్టము చాలును. ఒంటెమీదనైనను, పడవమీదనైనను, విమానపు రెక్క క్రిందనైనను అమర్చవచ్చును. అయితే ఫిరంగి గుండు గొట్టము దాటునప్పటికే పూర్తి వేగమందుకొని తన దారి పట్టును. రాకెట్టు గొట్టము విడుచునప్పుడు మందగతిలో నుండును. గాలి త్రోసినను, మంట రవంత ప్రక్కకు ఒరిగినను దాని దారి మారును. తేలిక అను గుణమును, తడబాటు అను దోషమును కవలలవలె కలిసి పుట్టినవి. గుణమును నిలుపుకొని దోషమును పోగొట్టుటకు మానవుడు మూడు ఉపాయములు పన్నెను. మొదటిది సంఖ్య, రెండవది భ్రమణము, మూడవది కాంతి.

సంఖ్యను నమ్మినవారిలో ప్రసిద్ధులు మైసూరు పాలకులు హైదరలీయు, టిప్పు సుల్తానును. మన బాణసంచా అను మాటలోని బాణ శబ్దమునకు తగినట్లే, ఆనాటి దక్షిణాపథ సైన్యములలో రాకెట్టును బాణమనియే పిలిచెడివారు. అంతకు పూర్వము బాణపు గొట్టములను ఎక్కువగా కాగితముతోను వెదురుతోను చేసెడివారు. మైసూరువారు ఇనుప గొట్టమును వాడిరి. ఇనుము గట్టిది గనుక మందును బాగుగ దట్టింపవచ్చును. లోపలి ఒత్తిడి పెరిగి బాణము కిలోమీటరునకు పైగా పోగలిగెను. వెనుక పొడవైన వెదురు బద్దను కట్టెడివారు. 1780 సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురము చేరువనున్న పొల్లిలూరులో కర్నల్ బెయిలీ సేన నాశనమైన యుద్ధమునందు ఈ బాణములు ప్రయోగింపబడినవి. 1799 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి శ్రీరంగపట్టణపు వెలుపల సుల్తాన్‌పేట తోపులో చీకటిలో దూరబోయిన ఆర్థర్ వెల్లెస్లీ, బాణముల జల్లునకును తుపాకుల కాల్పునకును తాళలేక వెనుదిరిగెను. ఇతడే తరువాత వెల్లింగ్టను ప్రభువై వాటర్లూ విజేత యనిపించుకొన్నవాడు. 2018వ సంవత్సరమున కర్ణాటకమునందలి శివమొగ్గ జిల్లా నగర గ్రామమున ఒక పాడుబావిని త్రవ్వగా, ఆ కాలపు ఇనుప బాణములు వేయింటికి పైగా బయల్పడినవి. ఒక బాణము తప్పినను నూరింటిలో కొన్ని తగులునను లెక్క ఆ రాశిని చూచినప్పుడు మనకు బోధపడును.

1799 మే 4న శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప అచట దొరకిన బాణములు కొన్ని లండను చేరువనున్న వూలిచి ఆయుధశాలకు చేరినవి. విలియం కాంగ్రీవు అనునతడు 1804-05 ప్రాంతమున వానిపై పరిశోధన సాగించి, ఆంగ్లేయ సైన్యమునకు పెద్ద రాకెట్లు చేసియిచ్చెను. 1806లో ఫ్రాన్సు తీరమునందలి బులోన్ రేవు మీదను, 1807లో కోపెన్‌హేగన్ నగరము మీదను అవి కురిసినవి. ఊరు తగులబెట్టుటకు గురి అంతగా అక్కరలేదు. యుద్ధరంగమున మాత్రము పాత దోషము బయటపడెను. వాటర్లూకు ముందునాడు, 1815 జూన్ 17న, రాకెట్లు ప్రయోగింపగా వానిలో కొన్ని వెనుదిరిగి తమవారి మీదికే వచ్చినవనియు, ఒకటి తనను వెంటాడినదనియు ఫిరంగిదళాధికారి మెర్సర్ తన జ్ఞాపకములలో వ్రాసికొన్నాడు. వెల్లింగ్టనునకు రాకెట్ల మీద నమ్మకము ఏనాడును కుదురలేదు.

రెండవ ఉపాయమైన భ్రమణమును ప్రయోగించినవాడు విలియం హేల్. 1844లో అతడు వెదురు బద్దవంటి తోకను తీసివేసి, పొగ వెలువడు రంధ్రములను ఏటవాలుగా చేసి, రాకెట్టు తన చుట్టు తాను తిరుగునట్లు ఏర్పరచెను. బొంగరము తిరుగుచున్నంతసేపు పడకుండును గదా! తిరుగు రాకెట్టునందు మంట ఒకవైపునకు ఒరిగినను, ఆ ఒరుగుబాటు క్షణక్షణమును దిక్కు మార్చుకొని చాలవరకు తనంత తానే రద్దగును. ఇది గొప్ప మెరుగు. అయినను ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున మరచుట్ల గొట్టములు గల ఫిరంగులు వచ్చి, దూరమునందును గురియందును రాకెట్టును మించిపోయినవి. దానిని సైన్యములు మూలకు నెట్టినవి.

విమానము పుట్టిన పిమ్మట రాకెట్టునకు మరల పిలుపు వచ్చెను. విమానపు రెక్క పెద్ద ఫిరంగిని మోయలేదు, గొట్టమును మోయగలదు. 1916లో ఫ్రెంచి నౌకాదళాధికారి ఈవ్ ల ప్రియర్ సన్నని విమానముల రెక్కల నడుమ కొయ్యలకు రాకెట్లు కట్టి, శత్రువుల వేగుబెలూనుల మీద విడిపించెను. అవి తోకబద్ద గల తారాజువ్వలే. అతి చేరువకు పోయి విడిచిననే గాని తగిలెడివి కావు. 1939లో మంగోలియా సరిహద్దున ఖల్ఖిన్ గోల్ పోరాటమునందు సోవియట్ విమానములు 82 మిల్లీమీటర్ల రాకెట్లను జపాను విమానముల మీద ప్రయోగించినవి. 1944 ఆగస్టులో నార్మండీయందలి మోర్తెన్ వద్ద ఆంగ్లేయుల టైఫూన్ విమానములు జర్మను టాంకుల మీద రాకెట్లు కురిపించినవి. వైమానికులు తాము అనేక టాంకులను ధ్వంసము చేసితిమని చెప్పిరి. తరువాత పరిశోధకులు పొలములలో తిరిగి ఒక్కొక్క టాంకును పరీక్షింపగా, రాకెట్టు తగిలి చెడినవి మిక్కిలి కొద్దిగా కనిపించినవి. భయపడి సైనికులు విడిచిపోయిన టాంకులు పలు చోట్ల నిలిచియుండెను. రాకెట్టు చేసిన చప్పుడు కలిగించిన భయము దాని గురికంటె ఎక్కువ పని చేసినదన్నమాట.

యుద్ధము ముగియవచ్చిన 1945లో జర్మనులు 55 మిల్లీమీటర్ల చిన్న రాకెట్టొకటి తెచ్చిరి. గొట్టములోనున్నంతసేపు దాని తోకరెక్కలు ముడిచికొనియుండి, వెలుపలికి వచ్చినవెంటనే విచ్చుకొనెడివి. ఈ ముడుపు రెక్కల ఆలోచనను అమెరికా నౌకాదళపు పరిశోధనాలయమువారు కైకొని 70 మిల్లీమీటర్ల రాకెట్టును నిర్మించిరి. దానికి ‘మైటీ మౌస్’, అనగా మహాబల మూషికమని ముద్దుపేరు పెట్టిరి. మన కథకు నాయకుడు ఈ మూషికమే. కొలత నాటినుండి నేటివరకు మారలేదు.

ఆనాడు దీనిని చేసినది నేలమీది గురుతులను కొట్టుటకు కాదు. సోవియట్ బాంబు విమానములను ఆకాశమున కూల్చుటకు. ఒక్కసారిగా పదులకొలది రాకెట్లు వెదజల్లినచో ఒక్కటైనను తగులకపోదని నమ్మిక. ఆ నమ్మిక 1956 ఆగస్టు 16న కాలిఫోర్నియాలో పరీక్షకు నిలిచెను. ఆనాడు పాయింట్ ముగూ స్థావరమునుండి మనిషి లేకుండ రేడియోతో నడపబడు ఒక పాత హెల్‌కాట్ విమానము, గురిపరీక్షలకై ఎగురవేయబడినది, అదుపు తప్పి లాస్ ఏంజిలిస్ నగరము దిక్కునకు సాగెను. దానిని కూల్చుటకు ఆక్స్‌నార్డు స్థావరమునుండి రెండు జెట్ యుద్ధవిమానములు బయలుదేరినవి. ఒక్కొక్కదానియందు 104 రాకెట్లుండెను. యంత్రముచే గురి చూచు పద్ధతి పని చేయకపోయెను. కంటితో గురి చూచుకొను సాధనములు అంతకుముందే తీసివేయబడియుండెను. వైమానికులు 208 రాకెట్లను విడిచిరి. ఒక్కటియు తగులలేదు. అవి నేలమీద పడి పొదలను తగులబెట్టినవి. పామ్‌డేల్ పట్టణపు వీథులలోను ఇండ్లమీదను కొన్ని తునకలు పడినవి. దైవవశమున ప్రాణనష్టము కలుగలేదు. పాత విమానము మాత్రము ఇంధనము అయిపోవువరకు తాపీగా తిరిగి, ఆ పట్టణము చేరువ ఎడారిలో తనంతట తానే కూలెను. సంఖ్యను నమ్ముకొన్న సిద్ధాంతమునకు ఇంతకంటె చక్కని సమాధానము చరిత్రలో అరుదు.

ఆకాశయుద్ధమున క్షిపణులు వచ్చిన పిదప ఈ రాకెట్టు నేలవైపు తిరిగెను. హెలికాప్టరు చేతికి వచ్చెను. 1962లో వియత్నాంనకు చేరిన అమెరికా హెలికాప్టరు దళమువారు తమ యంత్రములకు ప్రక్కల గొట్టపు గుత్తులు కట్టుకొనిరి. 1967లో వచ్చిన ‘కోబ్రా’ అను హెలికాప్టరు ఏడు గొట్టముల గుత్తులను, పందొమ్మిది గొట్టముల గుత్తులను మోయుచు యుద్ధమునకై ప్రత్యేకముగ పుట్టినది. అయితే విమానమునకు లేని చిక్కు హెలికాప్టరునకు ఉన్నది. వేగముగ పోవు విమానమునుండి వెలువడు రాకెట్టునకు విమానపు వేగము కలిసివచ్చును. రెక్కలు గాలిని వెంటనే పట్టుకొనును. హెలికాప్టరు నెమ్మదిగా పోవును. ఒక్కొక్కప్పుడు ఒకే చోట నిలిచియుండును. అందుచే రాకెట్టు గొట్టము విడుచునప్పటికి రెక్కలకు పట్టు చిక్కదు. దానికి తోడు పైని తిరుగు పెద్ద రెక్కల గాలి క్రిందికి కొట్టుచుండును. ఈ లోపమును తీర్చుటకు ఇంజనీర్లు హేల్ నాటి ఉపాయమునే మరల తీసి, పొగగొట్టపు అంచులను ఏటవాలుగా కోసి, గొట్టములోనుండగనే రాకెట్టు తిరుగునట్లు చేసిరి. ఆ పిమ్మట బలమైన కొత్త మోటారును చేర్చి ‘హైడ్రా 70’ అని పేరిడిరి. గురి మెరుగుపడెనే గాని కుదురలేదు. వైమానికుడు మొదట ఒక జత విడిచి, అవి ఎచట పడినవో చూచి, ముక్కు సవరించుకొని తక్కినవి విడుచుట వాడుక అయ్యెను. ఒక పంటచేనిలోని శత్రువును కొట్టుటకు ఇది చాలవచ్చును. ఊరి నడుమ ఒక ఇంటిని కొట్టవలసివచ్చినప్పుడు తప్పిన రాకెట్టు ఎవరి ఇంటిమీద పడవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము వేరొక పరిశోధనాలయమున సిద్ధమగుచుండెను. 1917లో ఐన్‌స్టీన్ కాంతిని గురించి చేసిన ఒక సూత్రీకరణను ఆధారము చేసికొని, 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబూలో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీనుండి మొదటి లేజరు కాంతిని వెలువరించెను. టార్చిలైటు కాంతి పోనుపోను విస్తరించును. లేజరు కాంతి సన్నని దారమువలె చాలదూరము చెదరక పోవును. దానిని దూరపు వస్తువు మీద ప్రసరింపజేసినచో అచట చిన్న చుక్క ఏర్పడును. ఆ చుక్కనుండి కాంతి నలువైపులకు చిమ్మును. ఆ చిమ్మిన కాంతిని పసికట్టు కన్ను ఒక బాంబునకు అమర్చి, ఆ కన్ను చూచిన దిక్కునకు తోకరెక్కలు తిరుగునట్లు చేసినచో, బాంబు తనంత తానే చుక్క మీదికి పోవును. ఆ కన్ను నాలుగు భాగములుగా నుండును. కాంతి కుడి భాగముపై ఎక్కువగ పడినచో కుడికి తిరుగవలెను. నాలుగు భాగములపైనను సమానముగ పడినప్పుడు దారి సరిగానున్నట్లు. సూత్రము ఇంత సులభమైనది.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఇంజనీరు వెల్డన్ వర్డ్ నాయకత్వమున ఈ సూత్రముపై పేవ్‌వే బాంబులు తయారై 1968లో వియత్నాంలో పరీక్షింపబడినవి. వీనిలో గ్రహింపదగిన తెలివి ఒకటి కలదు. బాంబును క్రొత్తగా చేయలేదు. గిడ్డంగులలో పడియున్న పాత బాంబులకే ముందు కన్నును, వెనుక రెక్కలను బిగించిరి. వాని శక్తి 1972 మే 13న లోకమునకు తెలిసినది. ఉత్తర వియత్నాంలోని థాన్ హోవా వద్ద మా నదిపై ‘హామ్ రోంగ్’ అను వంతెన యుండెను. ఆ పేరునకు డ్రాగన్ దవడ అని అర్థము. 1965 ఏప్రిల్ 3న 79 విమానములు దానిపై దాడి చేసినవి, వంతెన చెక్కుచెదరలేదు. ఆ తరువాత మూడేండ్లు వందలకొలది పర్యాయములు దాడులు జరిగినవి, విమానములు కూలినవి, వంతెన నిలిచెను. 1972లో పదునాలుగు విమానములు లేజరు బాంబులతో వచ్చి ఒక్కనాటిలో దాని పడమటి భాగమును పడగొట్టినవి.

బాంబునకు కన్ను వచ్చిన తరువాత హెలికాప్టరునకును ఆ భాగ్యము కలిగెను. అపాచీ హెలికాప్టరు కొరకు ‘హెల్‌ఫైర్’ అను లేజరు క్షిపణి తయారయ్యెను. 1991 జనవరి 17 తెల్లవారకముందే ఇరాకు రాడారు కేంద్రములను అపాచీలు ఈ క్షిపణులతో ధ్వంసము చేయుటతోనే ఆనాటి గల్ఫ్ యుద్ధము ఆరంభమైనది. అయితే హెల్‌ఫైర్ పుట్టినది టాంకును చీల్చుటకు. దాని బరువు 45 కిలోగ్రాములకు పైన. వెల లక్ష డాలర్ల ప్రాంతమున, ఆపైన. ఒక మోటారు బండిని, ఒక మట్టి గుడిసెను కొట్టుటకు అది అతి ఖరీదు, అతి బలము. మరియొకవైపు హైడ్రా రాకెట్టు చవుక, అయినను గ్రుడ్డిది. ఈ రెంటి నడుమ ఏమియు లేకుండెను. సైనికులకు కావలసినది ఆ నడిమి వస్తువే.

1990 దశకపు నడుమనుండి అమెరికా సైన్యము దానికై ప్రయత్నించెను. పనికి ఏ.పీ.కే.డబ్ల్యూ.యెస్. అను పొడి అక్షరముల పేరు పెట్టిరి. గురిని కచ్చితముగ కొట్టు మేలైన ఆయుధమని దాని భావము. లేజరు సూత్రము తెలిసినదే, రాకెట్టు ఉన్నదే. ఇక కష్టమేమని తోచవచ్చును. కష్టము ధరలో ఉన్నది. వేల సంఖ్యలో వాడదగినంత చవుకగా కన్నును, మెదడును, రెక్కలను చేతి మణికట్టంత గొట్టములో ఇముడ్చవలెను. మొదటి పథకము ఆశించిన ఫలితము నీయక 2005లో ఆగిపోయెను. 2006లో బీఏఈ సిస్టమ్స్ సంస్థకు రెండవ పథకము అప్పగింపబడెను. పదాతి సైన్యము దానికి ధనము ఇయ్యజాలకపోగా, 2008లో నౌకాదళము భారమును తలకెత్తుకొనెను. 2012 మార్చినాటికి మెరీను దళముల హెలికాప్టర్లకు అది అందెను; ఆ సంవత్సరముననే ఆఫ్గనిస్తానములో ప్రయోగింపబడెను.

ఈ రెండవ నమూనాలోని నేర్పు వివరింపదగినది. హైడ్రా రాకెట్టు రెండు ముక్కలు: ముందు ప్రేలుడు తల, వెనుక మోటారు. ఈ రెంటిని విడదీసి, నడుమ 47 సెంటీమీటర్ల పొడవుగల క్రొత్త ముక్కను మరలతో బిగింతురు. తలయు పాతదే, మోటారును పాతదే. క్రొత్త ముక్కకు నాలుగు చిన్న రెక్కలు ముడిచికొనియుండును. లేజరు కన్నులు ముక్కున కాక ఈ నాలుగు రెక్కల అంచులలో నున్నవి. కారణమేమనగా, పక్కపక్క గొట్టములలోనున్న రాకెట్లలో ఒకటి వెలువడునప్పుడు దాని మంటయు మసియు తక్కినవాని ముక్కులను తాకును. ముక్కున అద్దపు కన్నున్నచో అది మసకబారును. రెక్కల కన్నులు ముడుపులో భద్రముగ మూసికొనియుండి, రాకెట్టు గొట్టము దాటిన తరువాతనే తెరచుకొనును. మోటారు కాలునది రమారమి ఒక సెకండు మాత్రమే. రెక్కలు విచ్చుకొని, కన్నులు చుక్కను పసికట్టి, చిన్న గణనయంత్రము రాకెట్టును అటువైపు త్రిప్పును. హెలికాప్టరునుండి దాదాపు అయిదు కిలోమీటర్ల దూరము చేరగలదు. ప్రేలుడు తల బరువు నాలుగున్నర కిలోగ్రాములు మాత్రమే. తగిలిన చోటును చెరచును గాని వీథినంతటిని చెరుపదు. వెల ఒక్కొక్కటి ఇరువది వేల డాలర్లకు పైచిలుకు. హెల్‌ఫైర్ వెలలో చిన్న పాలు.

చుక్కను పెట్టువాడు ఆ హెలికాప్టరులోనే యుండనక్కరలేదు. మరియొక విమానమునుండి పెట్టవచ్చును. నేలమీది సైనికుడు పెట్టవచ్చును. ఆ కాంతి ఎడతెగని ధార కాదు. ముందుగా ఏర్పరచుకొన్న లెక్క ప్రకారము మినుకుమినుకుమను అదురుల వరుస. ఆ లెక్క కలిసిననే రాకెట్టు ఆ చుక్కను తనదిగా గుర్తించును. ఇందువలన ఒకే చోట రెండు ఆయుధములు పని చేయుచున్నను ఒకటి పోవలసిన చోటికి మరియొకటి పోదు. తగులువరకు చుక్క నిలిచియుండుట ముఖ్యము. మేఘము, దుమ్ము, పొగ అడ్డువచ్చినచో కన్ను మూసికొనును. ఆయుధము ఎంత నేర్పరియైనను ఆకాశపు అనుగ్రహము కోరకతప్పదు.

ఇతర దేశములును ఊరకుండలేదు. తుర్కీయందలి రోకెత్‌సాన్ సంస్థ పాత రాకెట్టునకు ముక్క అతుకుట మాని, మొదటినుండి లేజరు రాకెట్టుగనే ‘జిరిత్’ను నిర్మించెను, ఆ మాటకు ఈటె అని అర్థము. బెల్జియమునందలి థేలీస్ శాఖ తన 70 మిల్లీమీటర్ల రాకెట్టునకు ముక్కున కన్ను పెట్టెను. మన దేశమున 2022 అక్టోబరు 3న వాయుసేనలో ప్రవేశించిన ‘ప్రచండ్’ హెలికాప్టరును, అంతకు ముందరి ‘రుద్ర’యు ఈ బెల్జియపు జాతి 70 మిల్లీమీటర్ల రాకెట్లనే మోయును. 1970లో హైదరాబాదున నెలకొన్న భారత్ డైనమిక్స్ సంస్థ, లేజరు గురిగల ఈ రాకెట్లను మన దేశముననే తయారు చేయుటకై 2023లో థేలీస్‌తో అవగాహన పత్రము వ్రాసికొన్నది. అపాచీ హెలికాప్టరు కాయములు హైదరాబాదు చేరువ ఆదిభట్లలో 2018లో తెరువబడిన కర్మాగారమున తయారగుచున్నవి. మైసూరునుండి వూలిచికి సముద్రముమీద పోయిన విద్య ఇట్లు చుట్టు తిరిగి దక్షిణాపథమునకే మరల వచ్చినది.

ఇటీవలి సంవత్సరములలో ఈ రాకెట్టునకు మరియొక పని కుదిరినది. చవుక డ్రోనులు యుద్ధరంగమున గుంపులుగ వచ్చుచున్నవి. వానిని కూల్చుటకు యుద్ధవిమానములు వాడు క్షిపణి ఒక్కొక్కటి లక్షల డాలర్లు. పెద్దవి పది లక్షలకు చేరువ. పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమను సామెత ఇచట అక్షరాల నిజమైనది. ఉక్రెయిన్‌నకు 2023లో అందిన సాధనములలో లేజరు రాకెట్లను మామూలు మోటారు బండ్లపై అమర్చి డ్రోనులను కూల్చు ఏర్పాటు ఒకటి. ఎర్రసముద్ర ప్రాంతమున యెమెన్‌నుండి హూతీలు పంపిన డ్రోనుల మీద అమెరికా విమానములు ఇవే రాకెట్లను ప్రయోగించినట్లు 2025 ఆరంభమున వెల్లడియైనది. శ్రోతలు 1956 నాటి సంగతిని ఒకమారు తలచుకొందురు గాక! ఆనాడు మనిషి లేని విమానమొకదానిపై 208 విడిచినను ఒక్కటి తగులలేదు. ఇప్పుడు అదే కొలతగల రాకెట్టు, మనిషి లేని విమానమును ఒక్కదానితోనే కూల్చగలుగుచున్నది. మందు మారినందున వచ్చిన భేదము స్వల్పము. కన్ను వచ్చినందున కలిగినది ఈ భేదము.

ఇంతవరకు చెప్పినది గురి సంగతి. గురికిని ధర్మమునకును ఉన్న సంబంధమును గూర్చి ఒక మాట చెప్పి విరమింతును. గురి కుదిరిన ఆయుధము దయగలదని కొందరు వాదింతురు. అందు సత్యము లేకపోలేదు. పదులకొలది గ్రుడ్డి రాకెట్లు ఒక పల్లెమీద పడుటకంటె, చూపుగల ఒక్కటి ఒక బండిమీద పడుట తక్కువ కీడు. అయితే చవుకయు కచ్చితమును కలిసినప్పుడు, ప్రయోగించుటకు పూర్వము ఆలోచించు వ్యవధి తగ్గిపోవు ప్రమాదమును కలదు. లక్ష డాలర్ల క్షిపణిని విడుచుటకు పైయధికారిని అడుగవలసిన చోట, ఇరువది వేల రాకెట్టునకు అడుగనక్కరలేదని తోచవచ్చును.

పైగా రాకెట్టునకు చుక్క మాత్రమే తెలియును. చుక్క క్రింద ఎవరున్నారో తెలియదు. 1999 మే 7న బెల్‌గ్రేడ్ నగరమున చీనా రాయబార కార్యాలయము మీద పడిన బాంబులు గురి తప్పి పడలేదు. అవి ఉపగ్రహముల సాయముతో దారి చూచుకొను బాంబులు. తమకు చెప్పిన చోటనే కచ్చితముగ పడినవి. చోటును నిర్ణయించినవారి సమాచారము తప్పు. ముగ్గురు చీనా పత్రికారచయితలు మరణించిరి. మన పురాణములలో దశరథుడు శబ్దవేధి. చీకటిలో సరయూనదీ తీరమున నీటి బుడబుడ శబ్దము విని బాణము విడిచెను. బాణము తప్పలేదు, శబ్దము వచ్చిన చోటనే నాటెను. ఏనుగనుకొన్నది ముని బాలుడగుట బాణమునకు ఎట్లు తెలియును? అంత గొప్ప విలుకాడు కావుననే అంత గొప్ప పాపము సంభవించినది. గురి సరిగా లేనివాడైనచో బాలుడు బ్రతికియుండును.

రెండు శతాబ్దముల కృషి రాకెట్టునకు చూపు నిచ్చినది. దానిని విడుచుటకు ముందు, ఆ చుక్క క్రింద ఉన్నది ఏనుగో, కుండ ముంచుచున్న బాలుడో తేల్చుకొనవలసిన భారమును ఏ ఇంజనీరును ఆ 47 సెంటీమీటర్ల ముక్కలో ఇముడ్చలేడు. అది కాంతి చుక్కను పెట్టు మనిషి మీదనే నిలిచియున్నది.